మెష్ వద్దంటే తప్పా? హెర్నియా ఆపరేషనుకు ముందు ఒక మాట



"సిస్టరమ్మా, ఆ వల లేకుండా ఉత్త కుట్లు వేసి పంపలేరా?"

మొన్న వర్షాకాలంలో మగవారి సర్జరీ ఓ.పి. బయట బెంచీ మీద కూర్చున్న ఒక రైసు మిల్లు హమాలీ మమ్మల్ని ఇలా అడిగారు. వయస్సు 43 సంవత్సరాలు. కుడి గజ్జలో నిమ్మకాయంత ఉబ్బు. పడుకుంటే లోపలికి పోతుంది, బస్తా ఎత్తితే బయటికి వస్తుంది. డాక్టరు గారు పరీక్ష చేసి, ఇది హెర్నియా, ఆపరేషను చేసి మెష్ వేయాలి అని చెప్పారు. ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకొని బయటికి వచ్చి, లోపల డాక్టరు గారిని అడగలేకపోయిన మాట మమ్మల్ని అడిగారు. ఆయనతో పనిచేసే ఒకాయనకు మెష్ వేసి ఏడాది దాటినా గజ్జలో మంట తగ్గలేదట. కొడుకు ఫోనులో అమెరికాలో మెష్ కంపెనీల మీద పడిన కోర్టు కేసుల వీడియోలు చూపించాడట. "నా ఒంట్లో చచ్చేదాకా ప్లాస్టిక్కు ఉండాలా అమ్మా?" అన్నారు.

ఈ ప్రశ్న మాకు కొత్త కాదు. ఒకప్పుడు దీనికి మేము చెప్పిన జవాబు తలచుకుంటే మాత్రం ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. అందుకే ఈ వ్యాసం.

మేము చేసిన పొరపాటు

చాలా ఏళ్ల క్రితం ఇదే వార్డులో కూరగాయల వ్యాపారం చేసుకునే ఒక పెద్దాయన ఇదే మాట అడిగారు. ఆ ఉదయం రౌండ్స్ నడుస్తున్నాయి, నాలుగు ఆపరేషన్లు ఉన్నాయి, మాకు తీరిక లేదు. "డాక్టరు గారికంటే నీకు ఎక్కువ తెలుసా? ఇక్కడ సంతకం పెట్టు పెద్దాయనా" అన్నాము. అన్నది మరెవరో కాదు, మేమే. ఆయన ఎదురు చెప్పలేదు. "ఇంట్లో పెద్దవాణ్ణి అడిగి వస్తానమ్మా" అని వెళ్లారు. మళ్లీ రాలేదు.

మందుల షాపులో గజ్జకు కట్టుకునే బెల్టు కొనుక్కున్నారని తరువాత తెలిసింది. నాలుగు నెలలకు ఒక అర్ధరాత్రి ఆటోలో తీసుకువచ్చారు. ఉబ్బు రాయిలా గట్టిపడింది. చెయ్యి వేయనివ్వడం లేదు. వాంతులు, కడుపు ఉబ్బరం. ఆపరేషను చేసి చూస్తే పేగు ఇరుక్కుపోయి, రక్తం అందక నల్లబడి ఉంది. ఆ ముక్క తీసివేసి పేగును అతకవలసి వచ్చింది. అలాంటి చోట క్రిములు చేరే ప్రమాదం ఎక్కువ గనుక డాక్టరు గారు మెష్ వేయకుండా కుట్లతోనే మూశారు. అంటే ఆయన కోరుకున్నదే జరిగింది. అయితే అది ప్రాణం మీదికి వచ్చాక జరిగింది.

ఆయన బతికి ఇంటికి వెళ్లారు. డిశ్చార్జి రోజున ఆయన భార్య ఒక్క మాట అన్నది: "ఆ రోజు కాస్త కూర్చోబెట్టి చెప్పి ఉంటే ఆగేవాడమ్మా." ఆమె నిష్ఠూరంగా అనలేదు. ఉన్న మాట అన్నది.

మా అభిప్రాయం ఆ మాట నుండే మొదలైంది. మెష్ వద్దని అడగడం తప్పు కాదు. అది డాక్టరు గారిని అవమానించడమూ కాదు. దానికి సరైన జవాబు ఉంది, ఆ జవాబు వినే హక్కు రోగికి ఉంది. కానీ భయంతో ఏ నిర్ణయమూ తీసుకోకుండా ఇంటికి వెళ్లిపోవడం మాత్రం మెష్ కంటే పెద్ద ప్రమాదం.

హెర్నియా అంటే ఏమిటి?

మన కడుపు ముందు భాగం కండరాలతో, గట్టి పొరలతో చేసిన గోడ వంటిది. ఆ గోడలో ఎక్కడైనా బలహీనమైన చోట ఉంటే, లోపలి కొవ్వు గానీ పేగు గానీ అక్కడి నుండి బయటికి తోసుకువస్తుంది. అదే హెర్నియా. కొన్ని ఊళ్లలో గిలక అంటారు. చాలామంది దీన్ని వరిబీజంతో కలిపి చెబుతారు గాని అది వేరు. వరిబీజంలో వృషణం చుట్టూ నీరు చేరుతుంది.

గజ్జలో వచ్చే హెర్నియా చాలా సాధారణమైన జబ్బు. మగవారిలో ప్రతి నలుగురిలో ఒకరికి జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఆడవారిలో తక్కువ. మాత్రలతో, నూనె మర్దనతో, పసరు పట్టుతో ఆ రంధ్రం పూడదు. బెల్టు ఉబ్బును అదిమి పెడుతుందే గాని నయం చేయదు.

కుట్లా, మెష్షా? రెండూ ఎలా వచ్చాయి?

ముందుగా తెలుసుకోవలసింది ఏమిటంటే, మెష్ లేని ఆపరేషను ఎవరో కొత్తగా కనిపెట్టిన ప్రకృతి వైద్యం కాదు. మెష్ కంటే అదే పాతది. 1880ల్లో ఇటలీలో బస్సీని అనే సర్జను గజ్జ గోడను పొరలు పొరలుగా కుట్టే పద్ధతి మొదలుపెట్టారు. దాదాపు వంద సంవత్సరాలు ప్రపంచమంతా అదే పద్ధతి, దాని మార్పులే నడిచాయి. చిరిగిన చొక్కాకు రెండు అంచులూ లాగి కుట్టినట్లన్న మాట. గుడ్డ బిగువుగా ఉంటే కుట్టు దగ్గర మళ్లీ చిరుగుతుంది. అందుకే ఆ రోజుల్లో హెర్నియా తిరిగి వచ్చేవారు ఎక్కువగా ఉండేవారు.

కెనడా దేశంలో షోల్డైస్ అనే డాక్టరు ఆ కుట్టు పద్ధతినే బాగా మెరుగుపరచి, 1945లో హెర్నియా కోసమే ఒక ఆసుపత్రి ప్రారంభించారు. అక్కడ గజ్జ గోడను నాలుగు వరుసలుగా, ఒక పొర మీద ఒక పొర వచ్చేటట్లు కుడతారు. ఆ ఆసుపత్రి నేటికీ నడుస్తూ ఉంది, ఎక్కువ భాగం మెష్ లేకుండానే చేస్తున్నారు.

1980ల్లో అమెరికాలో లిక్టెన్‌స్టైన్ అనే సర్జను వేరే దారి పట్టారు. అంచులు లాగి కుట్టే బదులు, చిరుగు మీద మాసిక వేసినట్లు పాలీప్రొపిలీన్ వలను పరచి కుట్టారు. బిగువు ఉండదు. కొన్ని వారాల్లో మన శరీరపు కణజాలం ఆ వల కన్నుల్లోకి పెరిగి గట్టిపడుతుంది. నేర్చుకోవడం తేలిక, ఎవరు చేసినా ఫలితం దాదాపు ఒకేలా వస్తుంది. అందుకే అది ప్రపంచమంతా పాకింది. మన దగ్గర డాక్టరు గారు "ఓపెన్ చేసి మెష్ వేస్తాం" అంటే చాలా వరకు ఇదే.

మన దేశం నుండి వచ్చిన మెష్ లేని పద్ధతి కూడా ఒకటి ఉంది. పూణేకు చెందిన డాక్టర్ మోహన్ దేసర్డా గారు 2001లో దీనిని ప్రచురించారు. రోగి గజ్జలోనే ఉన్న గట్టి పొర నుండి ఒక పట్టీ తీసి, దాన్ని పూర్తిగా వేరు చేయకుండా, బలహీనమైన చోట అడ్డంగా కుడతారు. పోలండ్ దేశంలో 208 మంది మగవారి మీద దీనిని లిక్టెన్‌స్టైన్ పద్ధతితో పోల్చి చూసి 2012లో ఫలితాలు ప్రచురించారు. మూడేళ్లలో రెండు వైపులా ఇద్దరిద్దరికి మాత్రమే హెర్నియా తిరిగి వచ్చింది. ఇది మంచి ఫలితమే. అయితే మెష్‌కు ఉన్నంత పెద్ద లెక్క, ఎక్కువ సంవత్సరాల అనుభవం దీనికి ఇంకా లేవు.

లెక్కలు ఏమి చెబుతున్నాయి?

మా హమాలీ అన్నగారికి చెప్పినట్లే మీకూ చెబుతాము.

మొదటిది, తిరిగి రావడం గురించి. 2018లో కొక్రేన్ అనే పరిశోధకుల సంస్థ 25 అధ్యయనాలను, ఆరువేలకు పైగా రోగుల వివరాలను కలిపి చూసింది. మెష్ వేసినవారిలో హెర్నియా తిరిగి రావడం, మెష్ లేకుండా కుట్టినవారితో పోలిస్తే సగానికి సగం తగ్గింది. ఇంకో విధంగా చెప్పాలంటే 46 మందికి మెష్ వేస్తే ఒకరిలో హెర్నియా మళ్లీ రాకుండా ఆగింది. మెష్ మేలు నిజం. అయితే మెష్ లేకపోతే అందరికీ మళ్లీ వస్తుంది అనేది నిజం కాదు.

రెండవది, నొప్పి గురించి. 2018లో అనేక దేశాల హెర్నియా సర్జన్లు కలిసి ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, గజ్జ హెర్నియా ఆపరేషను అయినవారిలో నూటికి 10 నుండి 12 మందికి మూడు నెలలు దాటినా చెప్పుకోదగ్గ నొప్పి ఉంటుంది. కాలం గడిచేకొద్దీ అది చాలామందిలో తగ్గుతుంది. పనికి, నడకకు అడ్డం వచ్చేంత నొప్పి నూటికి అర నుండి ఆరుగురి వరకు ఉంటుంది. ఇది చిన్న సంఖ్య కాదు. "ఏమీ ఉండదు, రెండు రోజుల్లో లేచి తిరుగుతావు" అని చెప్పి పంపడం సరి కాదు.

అయితే ఈ నొప్పి అంతటికీ మెష్ ఒక్కటే కారణం కాదు. గజ్జలో మూడు సన్న నరాలు ఉంటాయి. కుట్టు వేసినా, మెష్ పెట్టినా, ఆ నరాలు నలిగినా కుట్టులో చిక్కినా మంట వస్తుంది. మెష్ లేకుండా చేయించుకున్నవారికి కూడా ఇలాంటి నొప్పి రావచ్చు. వయస్సు తక్కువ ఉన్నవారికి, ఆడవారికి, ఆపరేషనుకు ముందే బాగా నొప్పి ఉన్నవారికి ఈ ప్రమాదం ఎక్కువ.

మూడవది, చెయ్యి గురించి. మాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే. కెనడాలో 1993 నుండి 2007 వరకు జరిగిన హెర్నియా ఆపరేషన్లను లెక్క చూస్తే, షోల్డైస్ ఆసుపత్రిలో చేయించుకున్నవారిలో నూటికి ఒకరి కంటే కొంచెం ఎక్కువ మందికి మాత్రమే మళ్లీ ఆపరేషను అవసరమైంది. అదే రాష్ట్రంలోని మామూలు ఆసుపత్రులలో అది నూటికి ఐదుగురి దాకా ఉంది. అంటే మెష్ లేని ఆపరేషను కూడా చక్కగా నిలబడుతుంది. అయితే అక్కడి సర్జన్లు ప్రతి రోజూ అదే పని చేస్తారు. లావుగా ఉన్నవారిని బరువు తగ్గి రమ్మని ముందే చెబుతారు. అదే పద్ధతిని ఏడాదికి ఒకటో రెండో చేసే చోట చేయించుకొని అదే ఫలితం రావాలంటే ఎలా? అందుకే ఆ మార్గదర్శకాలు కూడా పెద్దవారి గజ్జ హెర్నియాకు మెష్‌నే సిఫారసు చేస్తూ, మెష్ లేకుండా చేయవలసి వస్తే షోల్డైస్ పద్ధతిని ఎంచుకోమని చెబుతున్నాయి.

భయాలలో నిజమెంత?

"మెష్ నిషేధించారట కదా" అని కొందరు అడుగుతారు. 2019లో అమెరికా ప్రభుత్వం అమ్మకం ఆపించినది ఆడవారికి గర్భసంచి, మూత్రాశయం జారినప్పుడు యోని మార్గం ద్వారా పెట్టే మెష్. అది వేరే చోట, వేరే ఆపరేషను. హెర్నియా మెష్‌ను ఆపలేదు. కొన్ని రకాల హెర్నియా మెష్‌ల మీద అక్కడ కోర్టు కేసులు నడిచిన మాట మాత్రం నిజమే. అందుకే ఏ రకం మెష్ వేస్తున్నారో అడగడం మంచిది.

"మెష్ చీము పడుతుందా?" పడవచ్చు. అరుదు, కానీ పడితే కష్టమే. కొన్నిసార్లు మెష్ తీసివేయవలసి వస్తుంది, తీయడం పెట్టినంత తేలిక కాదు. షుగరు అదుపులో లేనివారు, ఒంటి మీద కురుపులు ఉన్నవారు ముందుగా అవి తగ్గించుకొని రావాలని మేము పట్టుబట్టేది ఇందుకే. ఇంట్లో బ్లేడుతో వెంట్రుకలు గీసుకొని రావద్దు. ఆ సన్న గాట్లలోనే క్రిములు చేరతాయి.

"ఒంట్లో పరాయి వస్తువు ఏదీ వద్దు" అనేవారు ఒక సంగతి తెలుసుకోవాలి. మెష్ లేని ఆపరేషనులో కూడా చాలాసార్లు కరగని దారమే వాడతారు. పాలీప్రొపిలీన్ దారం కూడా మెష్ చేసే పదార్థమే. షోల్డైస్ ఆసుపత్రిలో వాడేది స్టీలు తీగ. అది కూడా లోపలే ఉంటుంది.

"కెమెరా ఆపరేషను చేయండి, మెష్ మాత్రం వద్దు" అని అడిగేవారూ ఉన్నారు. పెద్దవారి గజ్జ హెర్నియాకు ఈ రెండూ కలవవు. లాప్రోస్కోపీలో మెష్ వేయడమే పద్ధతి. మెష్ లేకుండా కావాలంటే కోత పెట్టి చేయవలసిందే.

"మెష్ ఖరీదు ఎక్కువ" అనే మాట కూడా వింటాము. దీని గురించి మన దేశపు కథ ఒకటి చెప్పాలి. మహారాష్ట్రలోని దోండాయిచా అనే చిన్న పట్టణంలో డాక్టర్ టోణ్‌గావ్‌కర్ గారు దోమతెర గుడ్డను శుద్ధి చేసి మెష్‌గా వాడి, 2003లో ఆ అనుభవాన్ని ప్రచురించారు. తరువాత ఉగాండా దేశంలో 302 మంది మగవారి మీద ఇటువంటి చౌక మెష్‌ను ఖరీదైన మెష్‌తో పోల్చి చూసి 2016లో ప్రకటించారు. ఏడాది తరువాత చూస్తే చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఇంట్లో దోమతెర తెచ్చి ఇమ్మని మేము చెప్పడం లేదు సుమా! ఖరీదైనదే మంచిదన్న నియమం లేదని చెప్పడమే మా ఉద్దేశం. డబ్బు ఇబ్బంది ఉంటే ఆ మాట దాచుకోకుండా కౌంటరులో చెప్పండి. డబ్బు కారణమైతే దానికి వేరే దారి వెతకవచ్చు. కారణం భయం అని చెప్పి వెళ్లిపోతే మాకు తెలియదు.

ఎవరికి ఏది?

అందరి హెర్నియా ఒకటి కాదు. పక్కింటివారికి చేసినట్లే మీకు చేయాలని లేదు.

1. పిల్లలు: చిన్నపిల్లల గజ్జ హెర్నియాకు మెష్ అవసరం లేదు. సంచిని కట్టివేస్తే సరిపోతుంది. కానీ ఆలస్యం చేయకూడదు. పసిపిల్లల బొడ్డు హెర్నియా చాలా వరకు నాలుగైదేళ్లలోపు తనంతట తానే మూసుకుంటుంది. రూపాయి బిళ్ల పెట్టి గుడ్డ కట్టవద్దు. చర్మం ఒరుసుకొని పుండు పడడమే గాని లాభం లేదు.

2. పెద్దవారి బొడ్డు హెర్నియా: చిన్నదైతే కుట్లతో మూయవచ్చు గాని, తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. ఐరోపాలో 300 మంది మీద చేసి 2018లో ప్రచురించిన పరీక్షలో, మెష్ వేసినవారిలో నూటికి 4, కుట్లు వేసినవారిలో నూటికి 12 మందికి తిరిగి వచ్చింది.

3. పాత ఆపరేషను కోత దగ్గర వచ్చే హెర్నియా: సిజేరియన్, పేగు ఆపరేషన్ల తరువాత వస్తుంది. ఇక్కడ మా మాట గట్టిగానే చెబుతాము. నెదర్లాండ్స్‌లో పదేళ్లు వెంబడించి చూసి 2004లో ప్రచురించిన లెక్కలో, కుట్లు మాత్రమే వేసినవారిలో నూటికి 63 మందికి, మెష్ వేసినవారిలో 32 మందికి తిరిగి వచ్చింది. ఇక్కడ మెష్ వద్దనడానికి బలమైన కారణం ఉండాలి.

4. ఆడవారి గజ్జ ఉబ్బు: ఆడవారిలో తొడ మొదట్లో వచ్చే రకం ఎక్కువగా కనబడుతుంది. అది త్వరగా ఇరుక్కుంటుంది. సిగ్గుపడి దాచుకోవద్దు. చూద్దాంలే అని ఆగవద్దు.

5. మగవారి మామూలు గజ్జ హెర్నియా: మెష్ లేని పద్ధతి గురించి నిజంగా ఆలోచించుకోవడానికి వీలున్నది ఇక్కడే. హెర్నియా మొదటిసారి వచ్చి, చిన్నదిగా ఉండి, మనిషి లావు లేకుండా, దగ్గు, మలబద్ధకం లేకుండా ఉండి, ఆ పద్ధతిలో చెయ్యి తిరిగిన సర్జను దొరికితే, అడగడంలో తప్పు లేదు. ఒకసారి చేసి తిరిగి వచ్చినది, బాగా పెద్దది, పొరలు పలచబడిన వృద్ధులది అయితే డాక్టరు గారు మెష్ అన్నప్పుడు ఆ మాటకు బరువు ఇవ్వండి.

అసలు ఆపరేషనే వద్దంటే?

ఇదీ ఒక ప్రశ్నే. అమెరికా, కెనడాలలో హెర్నియా ఉన్నా ఇబ్బంది దాదాపు లేని 720 మంది మగవారిలో సగం మందికి వెంటనే ఆపరేషను చేసి, మిగిలినవారిని డాక్టర్ల పర్యవేక్షణలో ఆపి చూశారు. ఫలితాలు 2006లో ప్రచురించారు. ఆగినవారిలో హఠాత్తుగా ఇరుక్కుపోవడం వెయ్యి మందిని ఒక ఏడాది చూస్తే ఇద్దరి కంటే తక్కువ. అయితే పదేళ్లు గడిచేసరికి మూడింట రెండు వంతుల మంది ఆపరేషను చేయించుకున్నారు, ఎక్కువగా నొప్పి వల్లనే.

దీని అర్థం ఏమిటంటే, ఇబ్బంది లేని మగవారు డాక్టరుకు చెప్పి ఆగవచ్చు, ఆలోచించుకోవడానికి సమయం ఉంది. రోజూ 75 కిలోల బస్తాలు మోస్తూ, సాయంత్రానికి గజ్జ పట్టుకొని కూర్చునే మనిషికి ఈ లెక్క వర్తించదు. డాక్టరుకు చెప్పి ఆగడం వేరు, చెప్పకుండా బెల్టు కట్టుకొని తిరగడం వేరు. ఆ పెద్దాయన చేసింది రెండవది. అలా చేసేటట్లు చేసింది మేము.

ఆగినవారు గుర్తుంచుకోవలసినది: ఉబ్బు లోపలికి పోకపోయినా, గట్టిపడి నొప్పి పుట్టినా, రంగు మారినా, వాంతులు అయినా, గాలి కూడా పోకుండా కడుపు ఉబ్బినా, వెంటనే ఆసుపత్రికి రండి. తెల్లవారనివ్వవద్దు. బలవంతంగా లోపలికి నొక్కవద్దు, మర్దన చేయవద్దు. దారిలో ఏమీ తినవద్దు, తాగవద్దు.

డాక్టరు గారిని ఏమి అడగాలి?

లోపల అన్నీ మరిచిపోతారు. ఈ పేజీ చింపి వెంట తెచ్చుకోండి. ఎవరూ ఏమీ అనుకోరు.

1. నాది ఏ రకం హెర్నియా? ఇప్పుడే చేయాలా, ఆగవచ్చా?
2. నాకు మెష్ ఎందుకు మంచిదంటున్నారు? మెష్ లేకుండా చేస్తే నా విషయంలో ఏమి తేడా?
3. మెష్ లేని పద్ధతి మీరు చేస్తారా? ఏడాదికి సుమారు ఎన్ని చేస్తారు? మీరు చేయకపోతే చేసేవారికి చీటీ రాసి ఇస్తారా?
4. మెష్ వేస్తే ఏ రకం, ఎంత ఖరీదు?
5. నరాలను ఎలా కాపాడతారు? తరువాత నొప్పి నిలిచిపోతే ఎవరికి చూపించుకోవాలి?
6. ఎన్నాళ్లకు మామూలు పని? ఎన్నాళ్లకు బరువు పని?

మూడవ ప్రశ్న అడగడానికి చాలామంది జంకుతారు. అడగండి. మంచి సర్జనుకు ఆ ప్రశ్న వల్ల కోపం రాదు. "నేను అది ఎక్కువగా చేయను" అని చెప్పే డాక్టరు గారు మీకు మేలే చేస్తున్నారు. "ఏదైనా చేసేస్తాం, మెష్ లేకుండా గ్యారంటీ" అనే ప్రకటన చూసినప్పుడే జాగ్రత్త పడాలి. వైద్యంలో గ్యారంటీ అనే మాట మేము ఇన్నేళ్లలో మంచి డాక్టరు నోట వినలేదు.

ఏ పద్ధతి ఎంచుకున్నా మీరు చేయవలసిన పని ఒకటే. బీడీ, సిగరెట్టు మానండి. పాత దగ్గుకు ముందు వైద్యం చేయించుకోండి. మలబద్ధకం లేకుండా నీళ్లు, ఆకుకూరలు తీసుకోండి. పెద్దవయస్సువారు మూత్రం ముక్కి పోయవలసి వస్తుంటే ఆ సంగతి ముందే చెప్పండి. దగ్గినా, ముక్కినా లోపలి నుండి వచ్చే ఒత్తిడి కుట్టునూ లాగుతుంది, మెష్‌నూ లాగుతుంది. ఆపరేషను రోజే లేచి నడవండి. వృషణాల దగ్గర కొంచెం వాపు, నీలం రంగు కనబడితే కంగారు పడవద్దు గాని, జ్వరం వచ్చినా, గాయం నుండి చీము కారినా, మూత్రం రాకపోయినా వెంటనే రండి. బస్తాలు మోసేవారిని మా డాక్టర్లు నాలుగు నుండి ఆరు వారాలు ఆగమంటారు. డిశ్చార్జి కాగితం మీద ఏ పద్ధతి చేశారో, మెష్ వేస్తే దాని పేరేమిటో రాయించుకొని, ఆధార్ కార్డుతో పాటు భద్రం చేసుకోండి. పదేళ్ల తరువాత అవసరపడవచ్చు.

మా వార్డులో మార్చుకున్నది

ఆ పెద్దాయన తరువాత మా వార్డులో ఒక పద్ధతి పెట్టుకున్నాము. సంతకానికి ముందు ఒక సిస్టరు రోగితోను, ఇంటివారిలో ఒకరితోను కూర్చుని కాగితం తెలుగులో చదివి వినిపిస్తుంది. "మీకు ఏమి భయం?" అని అడుగుతుంది. పావుగంట పడుతుంది. "రద్దీ రోజున పావుగంట ఎక్కడిది?" అని మా సిస్టర్లే మొదట గొణిగారు. అర్ధరాత్రి నల్లబడిన పేగుతో వచ్చిన మనిషికి ఎన్ని గంటలు పట్టిందో వారికి గుర్తు చేశాము. వార్డుల్లో పనిచేసే మా తోటి నర్సులందరికీ మా మనవి ఇదే. రోగి అడిగిన ప్రశ్నను నోరు మూయించవద్దు. అక్కడ మూయించిన ప్రశ్న ఇంటికి వెళ్లి భయంగా మారుతుంది.

ఇక మా హమాలీ అన్నగారి సంగతి. ఆయనను మళ్లీ లోపలికి తీసుకువెళ్లి డాక్టరు గారి ముందు కూర్చోబెట్టాము. డాక్టరు గారు అన్నీ విని, "నాకు మెష్ పద్ధతిలోనే చెయ్యి తిరిగింది. మీకూ అదే మంచిదని నా ఉద్దేశం. కాదు, కుట్టు పద్ధతే కావాలంటే అది క్రమంగా చేసే సర్జనుకు చీటీ రాస్తాను. ఏదైనా ఈ నెలలో తేల్చుకోండి, అప్పటిదాకా బస్తా ముట్టవద్దు" అన్నారు. ఆయన ఇంటికి వెళ్లి భార్యతో ఆలోచించుకొని, చీటీ తీసుకొని వెళ్లి మెష్ లేకుండా చేయించుకున్నారు. కుట్లు విప్పించుకోవడానికి మా దగ్గరికే వచ్చారు. ఇది జరిగిన కొద్ది రోజులకే అదే మిల్లు నుండి ఆయన స్నేహితుడు వచ్చి, అదే మాటలు విని, మా దగ్గరే మెష్ వేయించుకున్నారు. ఇద్దరూ పనిలోకి వెళ్లారు. ఇంతమాత్రంతో ఇది గెలిచింది, అది ఓడింది అని చెప్పము. హెర్నియా లెక్క నెలల్లో తేలేది కాదు. వారిద్దరిలో ఎవరూ భయపడి పారిపోలేదు, ఎవరూ తెలియక సంతకం పెట్టలేదు. మాకు తృప్తినిచ్చింది అదే.

కాబట్టి గజ్జలో ఉబ్బు ఉండి, మెష్ అన్న మాట విని ఇంట్లో ఆగిపోయినవారు ఎవరైనా ఉంటే రండి. మెష్ వేయించుకోవడానికి రమ్మనడం లేదు. అడగడానికి రండి. మీ ఇంట్లో పెద్దవారు దాచుకుంటున్నారని అనుమానం ఉంటే మెల్లగా అడిగి తీసుకురండి. సర్జరీ ఓ.పి. బయట అదే బెంచీ ఉంది. పావుగంట కూర్చోవడానికి మేము ఉన్నాము.

మీ ఆరోగ్యము కోరుతూ,
నర్సింగ్ సూపరింటెండెంట్